‘అర్థం’ కడుపులో చుక్క

మూడేళ్ల కిందట ఐదో తరగతి పిల్లల కోసం వేసిన ఒక అభ్యాస పుస్తకానికి ప్రూఫులు దిద్దాను. నాలుగుసార్లు చూశాను. పుస్తకం అచ్చయి బళ్లకు చేరాక ఒక టీచరు ఫోన్ చేసి, "అమ్మా, ఏడో పాఠం చివర ‘పదాలు – అర్ధాలు’ అని పడింది, చూసుకున్నారా?" అన్నారు. ‘అర్థాలు’ అని ఉండాలి. థ ఒత్తు కడుపులో ఉండాల్సిన చుక్క లేదు. మాటకు మీనింగు చెప్పాల్సిన చోట సగాలు పంచిపెట్టాం. పోనీ, ఎక్కడో మూల సన్న అక్షరాల్లో పడిందా అంటే అదీ కాదు. అది శీర్షిక. ఆ పేజీలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలు అవే.

చాలా రోజులు ఆ చుక్క నన్ను వదల్లేదు. అజాగ్రత్త అని సరిపెట్టుకుందామంటే మనసు ఒప్పలేదు, ఎందుకంటే ఆ పేజీ మీద నేను కూర్చున్న సేపు నాకు గుర్తుంది. కన్ను అక్కడే ఉంది. కానీ ఆ మాట మీద చూపు పడగానే ‘అర్థాలు’ అనే శబ్దం, దాని భావం లోపల సిద్ధంగా ఉన్నాయి. ఇక అక్షరాన్ని చూడాల్సిన పని కన్నుకు మిగల్లేదు. నా బదులు నా అలవాటు చదివేసింది.

చదవడం దానంతట అదే జరిగిపోతుందని మనస్తత్వ శాస్త్రం చెప్పే మాట అప్పుడే నాకు ఒంటికి తగిలింది. చదవడం వచ్చినవాడు చదవకుండా ఉండలేడంటారు. బస్సు కిటికీలోంచి చూస్తుంటే గోడ మీది సిమెంటు ప్రకటన మనల్ని అడక్కుండానే బుర్రలోకి వచ్చేస్తుంది. చూసి చదవకుండా వదిలేద్దామంటే కుదరదు. ఈ మాటలో నిజం ఉంది. అయితే ఈ నిజంలోంచి మనవాళ్లు తీసే అర్థాలతోనే నాకు పేచీ. ఇది రాస్తున్నది అందుకే.

ముందు నిజం సంగతి. 1935లో అమెరికాలో, టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో, జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే పరిశోధకుడు ఒక పరీక్ష ప్రచురించాడు. రంగుల పేర్లను వేరే రంగుల సిరాతో అచ్చు వేయించాడు. ‘ఎరుపు’ అన్న మాట ఆకుపచ్చ సిరాలో, ‘నీలం’ అన్న మాట ఊదారంగు సిరాలో, అలా వంద మాటలు. మాటను పట్టించుకోకుండా సిరా రంగు మాత్రం పైకి చెప్పమన్నాడు. ఉత్త రంగు గళ్లు వంద చూపిస్తే కాలేజీ విద్యార్థులు సగటున 63.3 సెకన్లలో చెప్పారు. అవే రంగులు తప్పుడు మాటలు తొడుక్కుని వచ్చేసరికి 110.3 సెకన్లు పట్టింది. తిరగేసి, సిరాను పట్టించుకోకుండా మాటను చదవమంటే మాత్రం రంగు వాళ్లను దాదాపు ఆపలేదు. నల్ల సిరాతో పోలిస్తే రెండు సెకన్లు ఎక్కువ పట్టింది, అంతే. మాట రంగుకు అడ్డం పడుతుంది, రంగు మాటకు అడ్డం పడదు.

వస్తువు పేరో రంగు పేరో చెప్పడం కన్నా దాని పేరును అచ్చులో చదవడమే త్వరగా అవుతుందని అంతకు యాభై ఏళ్ల ముందే, 1886లో, జేమ్స్ మెకీన్ కటెల్ కొలిచి చూపించాడు. జర్మనీలో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర చదువుకున్నవాడు ఆయన. చదివీ చదివీ భావానికీ దాని పేరుకూ ముడి బిగుసుకుపోయి, ఆ పని దానంతట అదే అయిపోతుందని ఆయన వివరణ. ఆ ‘చదివీ చదివీ’ అన్నదాన్ని చాలామంది వదిలేసి, ‘దానంతట అదే’ అన్నది మాత్రం పట్టుకున్నారు.

స్ట్రూప్ వదల్లేదు. అదే వ్యాసంలో మూడో ప్రయోగంగా, కొంతమందితో ఎనిమిది రోజుల పాటు సిరా రంగులు చెప్పే సాధన చేయించాడు. అడ్డంకి తగ్గింది. అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆ సాధన తర్వాత, మొదట్లో ఏమాత్రం అడ్డం రాని రంగు, మాట చదవడానికి కాసేపు అడ్డం రావడం మొదలెట్టింది. ఎక్కువసేపు నిలవలేదు కానీ వచ్చింది. ఎనిమిది రోజులకే తక్కెడ అటు మొగ్గింది. తర్వాత 1988లో మాక్లౌడ్, డన్‌బార్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేశారు. నాలుగు కొత్త ఆకారాలకు రంగుల పేర్లు పెట్టి మనుషులకు నేర్పారు. మొదట్లో ఆకారం పేరు చెప్పబోతే దాని మీది రంగు అడ్డం వచ్చేది. ఇరవై రోజులు సాధన చేయించాక అంతా తలకిందులైంది. ఇప్పుడు రంగు చెప్పబోతే ఆకారం అడ్డం వస్తోంది. అక్కడ అక్షరం లేదు, లిపి లేదు. ఉన్నదల్లా ఇరవై రోజుల అలవాటు.

కాబట్టి నేననేది ఇది. మాట మన మీద పడి చదివించుకోవడం నిజమే. కానీ ఆ బలం చదువుకు పుట్టుకతో రాలేదు, తెలివికి గుర్తు కాదు, మాతృభాష మీద ప్రేమకు కొలత అసలే కాదు. ఎన్ని గంటలు పోశామో అంత బలం. ఏ లిపి మీద పోశామో ఆ లిపికే బలం.

ఇది మా ఇంట్లోనే చూశాను. నాన్న పోయాక అమ్మ విజయవాడలో నా దగ్గరే ఉంటోంది. పోయినేడాది వేసవికి హైదరాబాదు నుంచి అక్క కొడుకు వచ్చాడు. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెల్లారి లేస్తే తెలుగులో గలగలా మాట్లాడే పిల్లాడు. వాడి బడి డైరీలో తెలుగు టీచరు ఎర్ర పెన్నుతో రాసిన వాక్యం అక్క నాకు ఫోటో తీసి పంపింది: "ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, అయినా చదవడానికి బద్ధకం. శ్రద్ధ లేదు." అక్క కూడా అదే నమ్మింది. "మన భాషే కదే, రాకపోవడమేంటి? కావాలనే చదవడు" అని నా దగ్గర వాపోయింది.

ఒక సాయంత్రం స్కెచ్ పెన్నులు తీసి మూడు కాగితాలు తయారు చేశాను. ఒకదాని మీద ఉత్త రంగు చుక్కలు ఇరవై. రెండోదాని మీద రెడ్, బ్లూ, గ్రీన్, బ్లాక్ అని ఇంగ్లీషులో, తప్పుడు రంగుల్లో ఇరవై మాటలు. మూడోదాని మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు అని తెలుగులో, అలాగే. ఒట్టి ‘పచ్చ’ అని రాయలేదు. మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే, తేల్చుకోవడానికే కాసేపు పడుతుంది. మాట ఏ భాషలో ఉందో జవాబూ అదే భాషలో చెప్పాలని నియమం పెట్టాను. మాటా జవాబూ ఒకే భాషలో ఉంటే అడ్డంకి ఎక్కువనీ, భాష మారితే తగ్గుతుంది కానీ పూర్తిగా పోదనీ రెండు భాషలవాళ్ల మీద చేసిన పరీక్షల్లో తేలింది. నియమం లేకపోతే నా లెక్క పాడవుతుంది. చుక్కలతో ముందు తెలుగు పేర్లు నాలుగైదుసార్లు అనిపించాను, ఎందుకంటే వాడి నోటికి మొదట వచ్చేది గ్రీనే.

చుక్కలు పదహారు సెకన్లు. ఇంగ్లీషు కాగితం ఇరవై ఏడు, మధ్యలో మూడుసార్లు నాలిక తడబడింది. తెలుగు కాగితం పదిహేడు సెకన్లు. ఒక్క తడబాటు లేదు. ‘ఎరుపు’ అన్న మాట నీలం రంగులో ఉంటే, ఏదో ముగ్గు చూసినట్టు, "నీలం" అని సాగిపోయాడు. తర్వాత నేను చేశాను. నాకు రెండు భాషల్లోనూ ఒకేలా కాళ్లకు చుట్టుకున్నాయి మాటలు.

ఒక ఇంట్లో చేసిన పని ఇది, ప్రయోగశాల కాదు. కానీ ఆ పదిహేడు సెకన్లు చూశాక డైరీలోని ఆ ఎర్ర వాక్యం మీద నాకు కోపం వచ్చింది. వాడు తెలుగు చదవడానికి ఇష్టపడకపోవడం కాదు, తెలుగు అక్షరం ఇంకా వాడి మీద పడి చదివించుకోవడం లేదు. వాడికి ప్రతి మాటా విప్పాల్సిన మూటే. అ తెలుసు, ఆ తెలుసు, గుణింతం గుర్తుంది. ‘స్త్రీ’ దగ్గరికొస్తే స కింద త, దాని పక్కన ర, పైన గుడి దీర్ఘం, ఇన్ని చోట్లకు చూపు తిరిగి అన్నీ ఒక్క శబ్దంగా ముడేసుకోవాలి. గుణింతాలు, ఒత్తులు కలిపితే మన లిపిలో వందల రూపాలు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు చేసిన పని చూస్తే, అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా పడుతూనే ఉంది. అది రోజూ ఆ లిపి మీదే ఉండే పిల్లల సంగతి. వారానికి నాలుగు పీరియడ్లు, అందులోనూ సగం కాపీరైటింగు చేసే పిల్లాడికి ఎంత పట్టాలి?

మాట్లాడటం వేరు. చుట్టూ నలుగురు మాట్లాడుతుంటే ఏ పిల్లకైనా అది వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. రాత పుట్టి అయిదు వేల ఏళ్ల పైచిలుకు. చాలా జాతుల్లో జనం మొత్తానికి చదువు వచ్చి నూరేళ్లు కూడా కాలేదు. మెదడులో దానికంటూ పుట్టుకతో గది కట్టి ఉండే అవకాశం లేదు. ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ప్రాంతంలో, ఎడమవైపు వెనక భాగాన, చదువు చోటు సంపాదించుకుంటుంది. మెదడు మీద పనిచేసే ఫ్రెంచ్ శాస్త్రవేత్త స్తానిస్లాస్ దహేన్ బృందం 2010లో పోర్చుగల్, బ్రెజిల్ దేశాల్లో చదువు రానివాళ్లను, చిన్నప్పుడు నేర్చినవాళ్లను, పెద్దయ్యాక నేర్చినవాళ్లను పోల్చి చూస్తే, పెద్దయ్యాక నేర్చినవాళ్లలోనూ ఆ చోట మార్పు కనిపించింది. అది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మది నెల్లూరు జిల్లా. బడి మొహం చూడలేదు. 1991లో జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, పొలం పని ముగించుకొచ్చి, లాంతరు వెలుగులో నలభై మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని అక్షరాలు దిద్దింది. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతుంది. బస్టాండులో బోర్డు ముందు నిలబడి, పెదాలు కదుపుతూ, "కా... వ... లి... కావలి!" అంటుంది. చివర ఆ కావలి అనే మాట గట్టిగా వస్తుంది, దొరికిందన్నట్టు. ముప్పై ఏళ్లు దాటినా ఏ బోర్డూ ఆమె అనుమతి లేకుండా ఆమె బుర్రలోకి రాలేదు. ఆ రోజు కాగితాలు చూసి తనూ చేస్తానంది. "ఏందే ఇది, రాసింది చదవబాకంటావా? చదవకపోతే నాకేం కష్టం" అని, "ఎర్రది, నల్లది, ఆకుపచ్చది" అంటూ వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. చుక్కలకూ మాటలకూ తేడా ఒక్క సెకను.

మరి అమ్మది తక్కువ చదువా? ఇక్కడే నా వాదన అంతా ఉంది. ఆ తరగతుల్లో చదివిన వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉండేది. ఆ పాఠాన్ని అలా ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివిన ఆడవాళ్లే తొంభైల మొదట్లో అదే జిల్లాలోని దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అక్కడ మొదలైన నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించేదాకా ఆగలేదు. వాళ్లలో ఎవరికీ చదువు ‘ఆటోమేటిక్’ కాదు. స్ట్రూప్ కాగితం ఇస్తే వాళ్లలో చాలామంది అమ్మలాగే తడబడకుండా చెప్పి ఉంటారని నా నమ్మకం. కానీ చదివిన వాక్యం వాళ్ల లోపలికి దిగిన లోతు, రోజుకు వంద వాట్సాప్ మెసేజీలు కంటితో తుడిచేసే నాకు దిగుతోందా? అమ్మ పేపర్లో ఒక చిన్న వార్త పావుగంట చదువుతుంది. చదివాక దాని గురించి గంట మాట్లాడుతుంది. ఆ వార్త పొద్దున్నే నేనూ చూసి ఉంటాను. సాయంత్రం ఆమె చెబుతుంటే కొత్తగా వింటాను.

శబ్దం దానంతట అదే రావడం ఒకటి, అర్థం రావడం ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి ‘చదవడం’ అనేస్తాం కాబట్టి చిక్కొస్తుంది. అవి విడిపోవడం చూడాలంటే తెలుగువాళ్లకు బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు చాలు. కన్నడ లిపి మన లిపికి చెల్లెలు. తలకట్టు కాస్త వేరుగా ఉంటుంది, దీర్ఘం పక్కన విడిగా నిలబడుతుంది. ఒక పూట అలవాటైతే కన్ను దానంతట అదే పట్టుకుంటుంది. ‘నిల్దాణ’ అని బోర్డు కనిపించింది నాకు. నేను ప్రయత్నించకుండానే నిల్దాణ అనే శబ్దం లోపల పలికింది. అర్థం రాలేదు. బస్సులు ఆగే చోటని పక్కావిడ చెబితే తెలిసింది. అక్షరాలను బడబడా చదివేసి, ఏం చదివావురా అంటే బిక్కమొహం వేసే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ బోర్డు గుర్తొస్తుంది. వాళ్లకు పాఠ్యపుస్తకమంతా నిల్దాణలే.

ఇక నా వృత్తి వైపు నుంచి చూస్తే, దానంతట అదే జరిగే ఈ చదువును ఆపడం నేర్చుకోవడమే ప్రూఫ్ రీడింగు. మొదట్లో నాకు పని నేర్పిన పెద్దాయన చేతికి స్కేలు ఇచ్చి, పంక్తి కింద పెట్టుకోమన్నారు. "అమ్మాయ్, కథ చదవొద్దు. కథ చదివావంటే తప్పు కనపడదు" అనేవారు. మరీ ముఖ్యమైన పేజీ అయితే చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి చదివించేవారు, అర్థం చేతికి దొరక్కుండా. అంతకుముందు ప్రెస్సుల్లో కాపీ హోల్డర్ ఉండేవాడు. రాతప్రతిని అతను పైకి చదువుతుంటే, ఇవతలివాడు అచ్చులో ఒక్కో అక్షరం మీద పెన్సిలు మొన పెట్టి చూసేవాడు. ఒకరు మాటను వింటే, ఒకరు అక్షరాన్ని చూడటం. విద్యార్థికి ధ్య పడిందా, బాధ కాస్తా భాద అయిందా అని పట్టేది ఆ పెన్సిలు మొనే.

చాలా ఏళ్ల తర్వాత నా పెద్దాయన మాటకు సాక్ష్యం దొరికింది. 1997లో కెనడాలో డెరెక్ బెస్నర్, అతని తోటివాళ్లు స్ట్రూప్ పరీక్షలో ఒక చిన్న మార్పు చేశారు. మాట మొత్తానికి కాకుండా అందులో ఒక్క అక్షరానికే రంగు వేశారు. చూపు ఆ ఒక్క అక్షరం మీదికి పోగానే మాట పట్టు సడలింది, అడ్డంకి బాగా తగ్గింది. పూర్తిగా పోదని తర్వాత చేసినవాళ్లు వాదించారు. పోకపోవచ్చు. తగ్గినా చాలు నా వాదనకు. ధ్యాసను బట్టి పెరిగి తగ్గేదాన్ని, సాధనను బట్టి మొగ్గు మారేదాన్ని, మోకాలి మీద కొడితే కాలు ఎగిరినంత అసంకల్పితం అనలేం. హిప్నాసిస్ బాగా పనిచేసే మనుషులకు, ఈ మాటలు మీకు తెలియని పరాయి భాష గీతలు అని ముందే సూచిస్తే కూడా అడ్డంకి తగ్గిందని 2002లో అమీర్ రాజ్ బృందం చూపింది. చదువు వచ్చినవాళ్లనే కాసేపు మా అమ్మ చూసినట్టు చూసేలా చేశారన్నమాట.

నా మాటకు గట్టి ఎదురుమాట ఒకటుంది, దాన్ని దాటేయను. "ఎంత సాధన చేసినా నువ్వు ‘అర్థం’ దగ్గర దెబ్బ తిన్నావు కదా, చదవకుండా ఉండలేకపోయావు కదా" అనొచ్చు. నిజమే. స్కేలు పెట్టిన రోజుల్లో పట్టుకుంటాను, అలసిన రోజు మాటే గెలుస్తుంది. పట్టు వదిలిన చేతిలోంచి పని అలవాటు చేతిలోకి పోతుంది. అలవాటుకు అంత బలం ఉందనే నేనూ అంటున్నాను. ఆ బలాన్ని ప్రకృతి అని పిలిచి, అది లేనివాళ్లను బద్ధకస్తులనో మొద్దులనో అనడమే నాకు మింగుడుపడదు. ఇంగ్లీషు చదివే పిల్లల్లో ఈ స్ట్రూప్ అడ్డంకి చదువు పట్టుబడే రెండు మూడు తరగతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుందని కొలిచినవాళ్లున్నారు. అంటే అది చదువుతో పాటే మొలిచేది. మొలవనిచోట నీళ్లు పోయాలి గానీ ఎర్ర పెన్నుతో రాస్తే ఏం లాభం?

అక్కతో అదే చెప్పాను. వాడిని కాపీరైటింగు చేయించొద్దు, తెలుగు ఎక్కువసేపు కంటపడేలా చూడమన్నాను. ఆ వేసవంతా రోజూ ఇరవై నిమిషాలు. వాడికి క్రికెట్ పిచ్చి కాబట్టి పేపర్లో ఆటల పేజీ. బజారుకెళ్తే ఆర్టీసీ బస్సు నుదుటి మీద బోర్డు. ఒక్కోసారి అమ్మా వాడూ పక్కపక్కన కూర్చుని ఒకే వార్త చదివేవాళ్లు. అమ్మమ్మ వేలు వెనకపడితే వాడు ఆగేవాడు, వాడు ఒత్తు దగ్గర ఆగితే ఆమె అందించేది. హైదరాబాదు వెళ్లాక కూడా అక్క ఆ ఇరవై నిమిషాలు వదల్లేదు.

ఈ వేసవి వచ్చిన మొదటి సాయంత్రమే మళ్లీ కాగితాలు తీశాను. ఏడాదిలో వాటిని వాడికి ఒక్కసారీ చూపించలేదు. చుక్కలు పదిహేను సెకన్లు. తెలుగు కాగితం మొదలుపెట్టాడు. నీలం, నలుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. ఏడో మాట ‘ఎరుపు’, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రాసింది.

"ఎరు... కాదు. కాదు పిన్నీ, ఆగు. ఆకుపచ్చ."

మొత్తం ఇరవై మూడు సెకన్లు పట్టింది. పోయినేడాది కన్నా ఆరు సెకన్లు ఎక్కువ. "నేను స్లో అయిపోయానా?" అని మొహం ముడుచుకున్నాడు. ఎందుకు తడబడ్డాడో విడమరిచి చెప్పాను. సగం వినకుండానే పెన్నులు లాక్కుని, అక్కకు పెట్టాలని కొత్త కాగితం తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పెన్ను మూత తీసి ‘నలుపు’ అని రాశాడు. ప కింద కొమ్ము కాస్త వంకరగా వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని వాడి భుజం మీంచి వంగి, "న... లు... పు" అని చదివింది.